వెదురు మన గట్టు మీద, పలక పరదేశం నుంచి



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టేవాడికి చివర మిగిలే పెద్ద ఖర్చు నేల. పునాది, గోడలు, శ్లాబు అయ్యేసరికి చేతిలో డబ్బు అడుగంటుతుంది. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల్లో నేల దాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో కట్టుకున్నవాళ్ళకు తెలుసు. సరిగ్గా అప్పుడే తాపీ మేస్త్రీ టైల్స్ అంటాడు, ఇంట్లో పెద్దవాళ్ళు బండలు అంటారు, పట్నంలో చదువుకునే పిల్లలు ఫోనులో బొమ్మ చూపించి చెక్క నేల వేయిద్దాం అంటారు.

ఈ మూడో మాట ఇప్పుడు ఊళ్ళలో కూడా వినపడుతోంది. మద్దతు ధర, విత్తనాలు, కరెంటు గురించి రాసే ఈ పత్రికలో చెక్క నేల ముచ్చట ఎందుకని మీరు అడగవచ్చు. కారణం ఉంది. మనం టన్నుకు ఇంత అని అమ్ముకునే కర్ర జాతే రూపం మార్చుకుని, చదరపు అడుగుకు ఇంత అని మన ముందుకు వస్తోంది. మధ్యలో పెరిగిన విలువలో రైతుకు పైసా లేదు. అందుకే రెండు సంగతులు రాస్తున్నాను. తక్కువ ఖర్చులో ఏ నేల వేసుకోవాలి అన్నది ఒకటి. ఆ పలక మన ఊరి కర్రతో ఎందుకు తయారు కావడం లేదు, దానికి సంఘం ఏం చేయాలి అన్నది రెండోది.

ఏ గదికి ఏ నేల

చెక్కకైనా వెదురుకైనా శత్రువులు తడి, చెద. మన ఇళ్ళలో రెండూ ఉన్నాయి. పొలం నుంచి బురద కాళ్ళతో వస్తాం. వడ్ల బస్తాలు, మిర్చి టిక్కీలు ఈడుస్తాం. పండగ వస్తే బకెట్లతో నీళ్ళు కుమ్మరించి కడుగుతాం. కింది గదుల్లో వానాకాలం భూమి నుంచి చెమ్మ ఎక్కుతుంది. కాబట్టి వరండా, హాలు, వంటిల్లు, బస్తాలు పెట్టే గది వీటికి చెక్క మాట ఎత్తకండి. మనకు తాండూరు బండ ఉంది, బేతంచెర్ల నాపరాయి ఉంది, కడప నల్లరాయి ఉంది. మన జిల్లాల గనుల్లో మన కూలీలు తీసిన రాళ్ళు అవి. బస్తా పడ్డా, నీళ్ళు పడ్డా భయం లేదు. టైల్సే కావాలనుకుంటే గరుకు రకం అడగండి. అద్దంలా మెరిసే రకం తడిస్తే జారుతుంది. ముసలివాళ్ళు పడితే ఆ ఆసుపత్రి ఖర్చు నేల ఖర్చును మించిపోతుంది.

చెక్క నేల పనికొచ్చేది పడక గదికి. అదీ మేడ మీద గది అయితే మరీ మంచిది, కింద నుంచి చెమ్మ, చెద వచ్చే బాధ తక్కువ. చలికాలం తెల్లవారుజామున బండ మీద కాలు పెడితే జివ్వుమంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు, నేల మీద పడుకునే అలవాటున్నవాళ్ళకు, పాకే పిల్లలకు చెక్క హాయిగా ఉంటుంది. ఆదిలాబాద్ వైపు, అరకు వైపు చలి ఎరిగినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. గది మొత్తం వేసే స్తోమత లేకపోతే, గోడవారగా ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవున చెక్క వేదిక చేయించుకోండి. పడుకోవడానికి, కూర్చోవడానికి సరిపోతుంది. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది, చెద పట్టినా ముందే కనపడుతుంది.

ముందు లెక్క వేసుకోండి

దుకాణంవాళ్ళు చదరపు అడుగుల్లో చెబుతారు, సామిల్లువాళ్ళు ఘనపుటడుగుల్లో చెబుతారు. రెంటినీ కలిపి చూసుకోవడం రాకపోతే మోసపోతాం. పదడుగులు పన్నెండడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. పలక మందం ముప్పావు అంగుళం అనుకుందాం. 120ని ముప్పావుతో హెచ్చించి 12తో భాగిస్తే ఏడున్నర ఘనపుటడుగులు వస్తుంది. కోతకు, చిత్రికకు, ముక్కలకు పోయే వృథా పావు వంతు కలిపితే సుమారు తొమ్మిదిన్నర. కోసిన చెక్క ఘనపుటడుగు వెయ్యి రూపాయలు అనుకుంటే తొమ్మిదిన్నర వేలు. అంటే చదరపు అడుగుకు 80 రూపాయల లోపు. వడ్రంగి కూలి, కింద పరిచే రీపర్లు, మేకులు, పాలిష్ దీనికి అదనం. వెయ్యి అన్నది లెక్క కోసం వేసుకున్న అంకె. దాని చోట మీ ఊరి ధర పెట్టి చూసుకోండి.

అదే లెక్కన వెయ్యి చదరపు అడుగుల ఇల్లంతా చెక్క వేయాలంటే సుమారు 78 ఘనపుటడుగులు కావాలి. ఆరడుగుల వేదికకు మూడున్నర లోపే చాలు. ఒక్క గదికి వేసుకుంటే అది సౌకర్యం. ఇల్లంతా వేస్తే అప్పు.

కలప ఎక్కడ వెతకాలి

మొదట చూడవలసింది పాత కలప. ఊళ్ళో పెంకుటిల్లు పడగొడుతుంటే దూలాలు, వాసాలు, తలుపులు గంపగుత్తగా వ్యాపారికి ఇచ్చేస్తున్నాం. అవి ఆరి ఆరి ఇక వంకర పోని చేవ కర్రలు. ఆ డబ్బుతో పట్నం నుంచి రంపపు పొట్టు, జిగురు కలిపి అదిమిన తలుపులు తెచ్చుకుంటున్నాం. ఇంతకంటే నష్టపు బేరం లేదు. పాత కలప కొనేవాళ్ళు, ఉంచుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. సామిల్లుకు పంపే ముందు మేకులన్నీ పీకించాలి. సుత్తితో కొట్టి వినాలి, డొల్ల శబ్దం వస్తే లోపల చెద తిన్నట్టే.

రెండోది మన గట్టు మీది చెట్టు. వేప, నల్లతుమ్మ, మద్ది, టేకు ఏదైనా సరే, ముదిరిన చెట్టు చేవ భాగమే నేలకు వాడాలి. చుట్టూ ఉండే తెల్ల చెక్కను పురుగు తొలుస్తుంది. నల్లతుమ్మ ఒకప్పుడు బండి చక్రాలకు, నాగళ్ళకు వాడిన కర్ర, దాని గట్టిదనం గురించి రైతుకు ఒకరు చెప్పాలా? కానీ కోసిన వెంటనే పరచవద్దు. అంగుళం మందం పలక నీడన, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి, సుమారు ఏడాది ఆరాలి. పచ్చి చెక్క పరిస్తే వేసవికి సందులు పడతాయి, పలకలు లేస్తాయి. ఇల్లు వచ్చే ఏడు కట్టాలనుకుంటే చెట్టు ఈ ఏడే కోయించాలి. టేకు వంటివి కొట్టడానికి, తరలించడానికి అనుమతి కాగితాలు ముందే తీసుకోండి. దారిలో లారీ ఆగితే కలప విలువ కంటే తిరుగుడు ఎక్కువవుతుంది.

మూడోది వెదురు పలక. బొంగును చీల్చి నేల మీద పరిస్తే అది వెదురు నేల కాదు. బొంగును బద్దలుగా చీల్చి, పైన ఉండే పచ్చ పొర, లోపలి మెత్తని పొర తీసేసి, పురుగుకు ఆహారమైన పిండి పదార్థం పోయేలా ఉడికించి లేదా మందు నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, జిగురు రాసి, వేడి ప్రెస్సులో అదిమితే పలక వస్తుంది. నారలుగా చితక్కొట్టి బాగా ఒత్తిడితో అదిమిన రకం అన్నిటికంటే గట్టిది. దుకాణంలో తేనె రంగు వెదురు, ముదురు గోధుమ రంగు వెదురు అని రెండు చూపిస్తారు. ముదురు రంగు సాధారణంగా ఆవిరిలో మగ్గబెట్టడం వల్ల వస్తుంది. అలా మగ్గబెట్టిన రకం మామూలు దాని కంటే కొంచెం మెత్తన. రంగు చూసి ఎక్కువ ధర పెట్టకండి. జిగురు ఘాటు వాసన కొట్టే పలకను పడక గదిలోకి తేవద్దు.

నాలుగోది, అన్నిటికంటే చౌకగా కనిపించేది లామినేట్. చెక్క పొట్టును అదిమి, పైన చెక్క బొమ్మ ఉన్న కాగితం అతికించి, దాని మీద గట్టి పొర వేసిన సరుకు అది. అంచుల్లో నీళ్ళు దిగితే ఉబ్బుతుంది. గీత పడితే మళ్ళీ చిత్రిక పట్టే వీలు లేదు. నిజమైన చెక్కను పదేళ్ళకు ఒకసారి పైపైన చిత్రిక పట్టి పాలిష్ చేస్తే మళ్ళీ కొత్తది. పైన పలచటి టేకు పొర, కింద ప్లైవుడ్ ఉన్న రకం అమ్మితే, ఆ పొర మందం ఎంత అని అడగండి. కాగితమంత ఉంటే అది కూడా ఒక్కసారి వాడి పారేసేదే.

బొంగు పలక ఎందుకు కాలేదు

ఇక రెండో సంగతి. 2023 మే నెలలో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనంలో నేలకు త్రిపుర నుంచి తెచ్చిన వెదురు పలకలు వాడారు. బెంగళూరు విమానాశ్రయం రెండో టెర్మినల్ కప్పు నిండా వెదురే. దేశానికి చట్టాలు చేసే చోట కాళ్ళ కింద వెదురు ఉంటే, ఆ వెదురును పండించే మన దగ్గర అది పందిరి గుంజ, టమాటా కర్ర, తడిక, గంప దగ్గరే ఆగిపోయింది. లేదంటే కాగితం గుజ్జు.

ఇది వెదురు తప్పు కాదు. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టు అని రాసింది. వెదురు గడ్డి జాతి అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అయినా ఆ ఒక్క మాటతో సొంత పొలంలో పెంచిన బొంగు కొట్టి తరలించాలన్నా రైతు అటవీ శాఖ చుట్టూ తిరిగే పరిస్థితి చాలా చోట్ల ఉండేది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. అయినా గ్రామసభల చేతికి హక్కు సులువుగా రాలేదు. మన సరిహద్దు అవతల, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే ఆదివాసీ గ్రామం పట్టు వదలకుండా అడిగి, 2011లో తన అడవి వెదురును తానే అమ్ముకునే అధికారం తెచ్చుకుంది. 2017 నవంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, అటవీ భూమి కాని చోట పెరిగిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేసింది. తొంభై ఏళ్ళు పట్టింది గడ్డిని గడ్డి అని ఒప్పుకోవడానికి.

2018లో జాతీయ వెదురు మిషన్‌ను తిరగరాసి, రైతు పొలాల్లో వెదురు పెంచమని సబ్సిడీ ఇచ్చారు. మంచిదే. కానీ మొక్క ఇచ్చినవాళ్ళు, కొనేవాడెవరో చెప్పలేదు. వెదురు నాటితే మొదటి కోతకు నాలుగైదేళ్ళు ఆగాలి. అన్నేళ్ళూ ఆ భూమి దానికే కట్టుబడి ఉంటుంది. కుదుర్లు ముదిరాక వద్దనుకుంటే పీకడానికి జేసీబీ పెట్టాలి. పత్తి ధర పడితే వచ్చే ఏడు మొక్కజొన్న వేసుకుంటాం. వెదురు ధర పడితే రైతుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే వెదురుకు కొనుగోలు హామీ అన్నిటికంటే ముందు కావాలి.

రవాణా సంగతి కూడా చూడండి. బొంగు లోపల గాలి. లారీ నిండా బొంగులు ఎక్కిస్తే కిరాయిలో సగం గాలికే పోతుంది. కొనేవాడు దూరాన ఉంటే ఆ కిరాయి రైతు ధరలోంచే కోస్తాడు. కాబట్టి చీల్చడం, మందు పట్టించడం, ఆరబెట్టడం పొలానికి దగ్గరలో జరగాలి. ఈ మూడు పనులకు పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. చీల్చే యంత్రం, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళ తొట్టి, గాలి ఆడే షెడ్డు చాలు. ఈ మందు వానలో కడుక్కుపోతుంది కాబట్టి ఆరుబయటి కంచెలకు అంతగా పనికిరాదు, ఇంటి లోపల వాడే పలకకు సరిపోతుంది. అదిమే ప్రెస్సు మాత్రం ఊరూరా పెట్టలేం, అది జిల్లాకు ఒకటి ఉంటే చాలు.

ఇది జరిగే పనేనా అని సందేహించేవాళ్ళు కేరళ వైపు చూడండి. రబ్బరు చెట్టు పాలు ఆగిపోయాక ఒకప్పుడు వంటచెరుకుకు, అగ్గిపెట్టెలకు, ప్యాకింగు పెట్టెలకు పోయేది. కోసిన కొద్ది రోజులకే పురుగు పట్టే కర్ర అది. ఈ బోరాన్ మందే పట్టించి, వేడి గదుల్లో ఆరబెట్టడం నేర్చాక అదే కర్ర కుర్చీలు, బల్లలు, తలుపులు అయింది. చెట్టు మారలేదు, మధ్యలో ఒక తొట్టి, ఒక ఆరబెట్టే గది వచ్చాయి. మన ఖమ్మం, ప్రకాశం, కృష్ణా, గుంటూరు రైతులు పెంచిన సుబాబుల్ కూడా ముదిరితే నేల పలకలకు పనికొచ్చే కర్రే. కానీ చిన్నప్పుడే నరికి గుజ్జు ధరకు తూకం వేయడం తప్ప మనకు ఇంకో గిరాకీ చూపించలేదు. కొనేవాడు ఒక్కడే ఉన్న చోట ధర ఎవడు చెబుతాడో మనకు తెలిసిందే.

ప్రభుత్వం తలచుకుంటే చేయగలదు కూడా. అగరుబత్తి పుల్ల బయటి దేశాల నుంచి వచ్చి పడుతోందని గోల జరిగితే, 2019లో అగరుబత్తి దిగుమతి మీద ఆంక్షలు పెట్టారు, 2020లో వెదురు పుల్లల మీద సుంకాన్ని 10 శాతం నుంచి 25 శాతానికి పెంచారు. పుల్లకు చూపిన శ్రద్ధ పలకకు ఎందుకు లేదు? ప్రపంచంలో వెదురు పలకల తయారీలో చైనాదే పైచేయి, మన నగరాల దుకాణాల్లోనూ ఆ సరుకు కనిపిస్తుంది. 2021 అటవీ సర్వే నివేదిక ప్రకారం మన దేశంలో వెదురు ఉన్న అటవీ విస్తీర్ణం సుమారు 1.49 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇంత వెదురు ఉన్న దేశం పలకను కొనుక్కోవడం సిగ్గుపడవలసిన సంగతి. అయితే సుంకం ఒక్కటే పెంచితే పలక ధర పెరుగుతుంది తప్ప రైతుకు ఒరిగేది లేదు. ఇక్కడ యంత్రం పెట్టాకే అక్కడ సుంకం.

అప్పుల్లో ఉన్న రైతుకు చెక్క నేల మాటలేమిటి అని కొందరు మిత్రులు అనవచ్చు. నిజమే, అప్పు చేసి చెక్క నేల వేయమని నేను ఎవరికీ చెప్పను. ఉన్నంతలో బండ వేసుకుని పరువుగా బతకవచ్చు. కానీ మంచి వస్తువు పట్నంవాళ్ళకు, ముడి సరుకు మనకు అన్న పంపకాన్ని మనమే ఒప్పేసుకోవడం తగదు. పత్తి పండించి బట్ట కొంటున్నాం, చెరకు పండించి చక్కెర కొంటున్నాం. వెదురు విషయంలో ఈ కథ ఇంకా పూర్తిగా రాసేసి లేదు. ఇప్పుడే మొక్కలు నాటుతున్నాం కాబట్టి ఇప్పుడే మాట్లాడాలి.

సంఘం తరఫున అడగవలసినవి

ఒకటి. వెదురు మొక్కలు పంచే ముందే కొనేవాడెవరు, కనీస ధర ఎంత, కోత ఎన్నో ఏట అన్నది రాతపూర్వకంగా రైతు చేతికి ఇవ్వాలి.

రెండు. వెదురు ఉన్న ప్రతి మండలంలో సహకార సొసైటీ లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం కింద చీల్చే యంత్రం, మందు తొట్టి, ఆరబెట్టే షెడ్డు పెట్టాలి. జిల్లాకు ఒక ప్రెస్సు ఉండాలి.

మూడు. ఆ షెడ్డులో మొదటి పని మేదర కుటుంబాలకు దక్కాలి. తరతరాలుగా కణుపు చూసి బొంగు ఎంచే చెయ్యి వాళ్ళది. యంత్రం వచ్చి వాళ్ళ కడుపు కొట్టకూడదు.

నాలుగు. ఆ పలకకు మొదటి గిరాకీ ప్రభుత్వమే ఇవ్వాలి. అంగన్‌వాడీల్లో చిన్నపిల్లలు చలికాలం బండల మీద కూర్చుంటున్నారు. ముందు అక్కడ వేయండి. పార్లమెంటుకు తగిన నేల అంగన్‌వాడీకి తగదా?

ఐదు. సొంత పొలం వెదురుకు రవాణా దారిలో ఎక్కడా అడ్డు ఉండకూడదని కింది స్థాయి సిబ్బంది దాకా స్పష్టంగా ఉత్తర్వు పోవాలి. చట్టం మారినా తనిఖీ కేంద్రం దగ్గర మనిషికి ఆ సంగతి తెలియకపోతే రైతుకు పాత చట్టమే.

వచ్చే నెల మండల సమావేశానికి వచ్చేటప్పుడు ఒక్కొక్క గ్రామ కమిటీ ఒక చిన్న లెక్క రాసుకుని రండి. మీ ఊళ్ళో ఎవరి గట్టు మీద ఎన్ని వెదురు కుదుర్లు ఉన్నాయి, ఎన్నో ఏటివి, పోయిన ఏడు బొంగు ఎంతకు అమ్మారు, ఎవరికి అమ్మారు. ఈ నాలుగు అంకెలు మన దగ్గర లేకుండా కలెక్టరు దగ్గరకు పోతే అర్జీ తీసుకుని పంపిస్తారు. అంకెలు ఉంటే మాట్లాడక తప్పదు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు మాత్రం సమావేశం దాకా ఆగక్కర్లేదు. పాత ఇంటి దూలాలు వ్యాపారికి ఇచ్చే ముందు ఒక్కసారి సామిల్లులో కోత ఖర్చు అడిగి చూడండి.